ఉత్తర తెలంగాణలో ఆన్‌లైన్ గేమింగ్ లీగు నడిపే పద్ధతి

ఒక్క ఆదివారంలో ముగిసే టోర్నమెంటుకూ, ఆరేడు వారాలు సాగే లీగుకూ అసలు తేడా బహుమతి మొత్తంలో లేదు. ఓడిన జట్టు సంగతి ఏమిటన్న దగ్గర ఉంది. టోర్నమెంటులో ఓడినవాళ్లు తప్పుకుంటారు. లీగులో ఓడినవాళ్లు రెండు రోజుల తర్వాత మళ్లీ రావాలి, ఆ పై వారం కూడా రావాలి, పట్టికలో అడుగున ఉన్నా చివరి మ్యాచ్ దాకా నలుగురు ఆటగాళ్లతో సమయానికి లాబీలో (మ్యాచ్ ఆడేవారంతా చేరే ఆన్‌లైన్ గదిలో) ఉండాలి. వాళ్లు మానేస్తే పైనున్న జట్ల పాయింట్లకు కూడా విలువ పోతుంది, ఎందుకంటే నిండు లాబీలో పోరాడి తెచ్చుకున్న పాయింట్లకూ, సగం ఖాళీగా ఉన్న లాబీలో ఏరుకున్న పాయింట్లకూ పొంతన ఉండదు. హనుమకొండ, కాజీపేట, నర్సంపేట మొదలుకొని గోదావరిఖని, మంచిర్యాల దాకా జట్లను కూడగట్టి లీగు నడపాలనుకునే విద్యార్థులకు, గేమింగ్ సెంటర్ల యజమానులకు, కాలేజీ క్లబ్బుల వారికి పనికివచ్చేలా ఈ వివరాలు రాస్తున్నాను. ఓడుతున్న జట్టును ఆఖరి వారం దాకా ఆటలో నిలబెట్టడం ఎలాగన్నదే ఇందులోని సూచనలన్నిటికీ ఆధారం.

ఆట ఎంపిక

మన ప్రాంతంలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఫోను. గేమింగ్ కంప్యూటరు ఇంట్లో ఉన్నవాళ్లు, గేమింగ్ సెంటరులో గంటల లెక్కన ఆడేవాళ్లు హనుమకొండ, కరీంనగర్ వంటి పట్టణాల్లో దొరుకుతారు కానీ, పరకాల నుంచో భూపాలపల్లి నుంచో అలాంటి వారితో పూర్తి జట్టు తయారు కావడం కష్టం. అందువల్ల తొలిసారి లీగు పెట్టేవారికి బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా), ఫ్రీ ఫైర్ మ్యాక్స్ వంటి, చివరిదాకా మిగిలిన జట్టు గెలిచే మొబైల్ ఆటలే అనుకూలం. ఐదుగురి జట్లతో సాగే వాలరెంట్ అనే కంప్యూటరు ఆటను ఎంచుకుంటే, ముంబైలో సర్వర్లు ఉన్నందున పింగ్ (సర్వర్ జవాబు ఆలస్యమయ్యే) సమస్య తక్కువే గాని, ఎనిమిది జట్లకు మించి ఆశలు పెట్టుకోకపోవడం మంచిది.

ఏ ఆటను ఎంచుకున్నా అది సీజన్ మధ్యలో చేజారిపోయే అవకాశం ఒకటి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. దాని స్థానంలో 2021 జులై 2న విడుదలైన బీజీఎంఐ, 2022 జులై 28న యాప్ స్టోర్ల నుంచి తొలగిపోయి, 2023 మే నెలలో తిరిగి వచ్చింది. ఈలోగా 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ మీద కూడా నిషేధం పడింది. కాబట్టి ఆట అందుబాటులో లేకుండా పోయే నాటికి సగానికి పైగా మ్యాచ్‌లు జరిగి ఉంటే అప్పటి పట్టికే తుది ఫలితమనీ, అంతకన్నా తక్కువ జరిగి ఉంటే సీజన్ రద్దవుతుందనీ నియమావళిలో ముందుగానే రాసుకోవాలి. ఆట రూపొందించిన కంపెనీ బయటివాళ్లు నడిపే పోటీల కోసం కొన్ని నిబంధనలు పెడుతుంది. పోస్టరు వేయడానికి ముందే వాటిని చదివి, అనుమతి అవసరమైతే తీసుకోవాలి.

డబ్బు, పరికరాలు, మనుషులు అన్నీ తక్కువగా ఉన్నవారికి నేను చెప్పేది చదరంగం. వరంగల్ బిడ్డ, గ్రాండ్‌మాస్టర్ ఎరిగైసి అర్జున్ 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్ చదరంగం విభాగంలో నాలుగో స్థానంలో నిలిచిన తర్వాత, ఇది ఈ-స్పోర్ట్స్ అవునా కాదా అన్న చర్చకు మన ఊళ్లో పెద్దగా చోటు లేదు. లిచెస్ వంటి ఉచిత వేదికలో స్విస్ పద్ధతి (ప్రతి రౌండులో దాదాపు సమాన పాయింట్లున్నవారిని జతచేసే) పోటీని నిమిషాల్లో పెట్టవచ్చు, జతలను ఆ వేదికే కలుపుతుంది, పాత ఫోనూ సాధారణ డేటా ప్యాకూ ఉన్నా ఆడవచ్చు, పైగా స్విస్‌లో ఓడినవాళ్లు ఎవరూ బయటికి పోరు. లీగు నడపడంలోని అలవాట్లన్నీ దీనితో నేర్చుకుని, రెండో సీజన్‌కు బీజీఎంఐ వంటి బ్యాటిల్ రాయల్ ఆటల వైపు వెళ్లవచ్చు.

జట్ల సంఖ్య, సీజన్ నిడివి

ఎదురెదురుగా ఆడే ఆటల్లో ప్రతి జట్టూ మిగతా జట్లన్నిటితో ఒకసారి ఆడితే ఎనిమిది జట్లకు 28 మ్యాచ్‌లు, పది జట్లకు 45 మ్యాచ్‌లు అవుతాయి. రెండు జట్లు పెరిగితే పని ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుందని గుర్తుంచుకుంటే, అడిగిన ప్రతి జట్టుకూ చోటిద్దామన్న మొహమాటం తగ్గుతుంది. జతలు కలపడానికి ఒక జట్టును కదలకుండా ఉంచి మిగతా ఏడింటిని ప్రతి రౌండులో ఒక్కో స్థానం జరిపే పాత పద్ధతి సరిపోతుంది. ఏడు రౌండ్లలో అందరూ అందరితో ఆడినట్లవుతుంది. చేతితో చేసే ఓపిక లేకపోతే చాలంజ్ (Challonge) వంటి సైట్లు ఆ పట్టికను తయారుచేసి ఇస్తాయి.

బీజీఎంఐ లెక్క వేరు. పోటీ లాబీలో నలుగురేసి ఉన్న 16 జట్లు, అంటే 64 మంది ఆడతారు. 24 జట్లను తీసుకుని, ఎనిమిదేసి చొప్పున ఏ, బీ, సీ గ్రూపులుగా విడదీస్తే, మంగళవారం ఏ-బీ, గురువారం బీ-సీ, శనివారం సీ-ఏ ఆడించవచ్చు. ప్రతి జట్టుకూ వారంలో రెండు రాత్రులే ఆట ఉంటుంది, ఒక రాత్రి ఎలాగూ విశ్రాంతి. రాత్రికి మూడు మ్యాచ్‌ల చొప్పున ఆరు వారాల్లో ఒక్కో జట్టు 36 మ్యాచ్‌లు ఆడుతుంది, మొత్తం 54 మ్యాచ్‌లు జరుగుతాయి. ఒక సీజన్‌కు ఇది చాలు. ఎనిమిది, పది వారాలకు పొడిగిస్తే ఐదో వారానికల్లా అడుగు జట్లు పలుచబడతాయి.

ఆ అడుగు జట్ల సంగతి ఇక్కడే, అంటే ప్రణాళిక దశలోనే తేల్చాలి. మూడేసి వారాల చొప్పున సీజన్‌ను రెండు భాగాలు చేసి, రెండో భాగం మొదలయ్యేటప్పుడు అందరి పాయింట్లనూ సగానికి తగ్గిస్తే, పైనున్నవాళ్ల ఆధిక్యం పూర్తిగా పోదు, కిందున్నవాళ్లకు అందుకునే దారి మూసుకుపోదు. ప్రతి వారం అత్యధిక పాయింట్లు తెచ్చిన జట్టుకు చిన్న గుర్తింపు ఇస్తే, మొత్తం పట్టికలో 20వ స్థానంలో ఉన్న జట్టుకు కూడా ఆ శనివారం ఆడటానికి కారణం దొరుకుతుంది. అన్నిటికన్నా బాగా పనిచేసేది మాత్రం తర్వాతి సీజన్‌లో చోటు. చివరి నాలుగు జట్లు నిరీక్షణ జాబితాలోని నాలుగు జట్లతో మళ్లీ పోటీపడి తమ స్థానాన్ని నిలబెట్టుకోవాలనీ, రెండుసార్లు చెప్పకుండా గైర్హాజరైన జట్టు స్థానం నేరుగా పోతుందనీ నియమం పెడితే, 19, 20, 21 స్థానాల మధ్య ఆఖరి రాత్రి నడిచే పోరు మొదటి స్థానం కోసం నడిచే పోరుకు ఏమాత్రం తీసిపోదు.

తేదీలు, వేళలు

ఫిబ్రవరి, మార్చి ఇంటర్ పరీక్షల నెలలు. ఆ వెంటనే ఎంసెట్ స్థానంలో వచ్చిన ఎప్‌సెట్ హడావుడి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలిదుమారం లేచిందంటే ఏ చెట్టు ఏ తీగ మీద పడుతుందో, కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. బతుకమ్మ తొమ్మిది రోజులు, ముఖ్యంగా సద్దుల బతుకమ్మ, దసరా రోజుల్లో మ్యాచ్ పెడితే అమ్మాయిల జట్లే కాదు, అబ్బాయిల జట్లు కూడా రావు. రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతర వారంలో ములుగు వైపు జట్లను లెక్కలో పెట్టుకోకూడదు. ఊరంతా దారిలోనే ఉంటుంది, ఉన్నచోట సిగ్నల్ కూడా అంతంతమాత్రమే. ఇవన్నీ తీసేస్తే జూన్ చివరి నుంచి బతుకమ్మకు ముందు వరకు ఒక సీజన్‌కూ, నవంబర్ నుంచి జనవరి మధ్య దాకా మరొకదానికీ వీలు దొరుకుతుంది. కాలేజీల మిడ్ పరీక్షల తేదీలు మాత్రం కెప్టెన్లను అడిగి తెలుసుకోవాలి.

వేళ విషయంలో రాత్రి 8:30 నుంచి 10:30 వరకు అన్నది నా అనుభవంలో అందరికీ కుదిరేది. బీజీఎంఐ మ్యాచ్ ఒకటి అరగంట దాకా సాగుతుంది; మూడు మ్యాచ్‌లకు గంటన్నర, మధ్యలో పదిహేనేసి నిమిషాల విరామాలు రెండు కలిపితే సరిగ్గా రెండు గంటలు. 18 ఏళ్లలోపు వారికి రోజుకు మూడు గంటలకు మించి ఆడనివ్వని పరిమితి ఆ ఆటలో విడుదలైన నాటి నుంచే ఉంది. పగలంతా ఆడి పరిమితి అయిపోగొట్టుకున్న ఇంటర్ విద్యార్థి రాత్రి రెండో మ్యాచ్ మధ్యలో బయటపడితే జట్టు నష్టపోతుంది కాబట్టి, మ్యాచ్ రోజున గంటసేపటికి మించి ప్రాక్టీస్ వద్దని కెప్టెన్లకు ముందే చెప్పాలి. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి జట్లలో సింగరేణి షిఫ్టులకు వెళ్లే యువకులు ఉంటారు. రెండో షిఫ్టు పడిన వారం వాళ్లు రాత్రి ఆడలేరు. నలుగురికి తోడు ఇద్దరు సబ్‌స్టిట్యూట్లను రోస్టర్‌లో (జట్టు ఆటగాళ్ల జాబితాలో) అనుమతించడం ఇలాంటి జట్ల కోసమే.

డబ్బు, చట్టం

ఈ భాగాన్ని తేలికగా తీసుకునే నిర్వాహకులు చాలామంది కనిపిస్తారు. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆ తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. ఈ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను డబ్బు ఆటల నుంచి వేరు చేసి గుర్తిస్తుంది. పోటీలో ప్రవేశానికో, నిర్వహణ ఖర్చులకో ఫీజు తీసుకోవడాన్నీ, ప్రతిభను బట్టి బహుమతి ఇవ్వడాన్నీ అనుమతిస్తుంది. అయితే ఆ వెసులుబాటు చట్టం చెప్పిన గుర్తింపు, నమోదు ఉన్న ఈ-స్పోర్ట్స్‌కే. డబ్బు కట్టించుకుని, గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో ఆడించే ఆన్‌లైన్ ఆట ఏదైనా డబ్బు ఆట కిందికే వస్తుంది. దాన్ని నడిపినవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

దీని నుంచి నేను తేల్చుకున్నది ఒక్కటే: ఊరి స్థాయి లీగుకు ప్రవేశ రుసుము పెట్టకూడదు. తిరిగి ఇచ్చే డిపాజిట్ కూడా వద్దు. హాజరు కోసం డిపాజిట్ తీసుకోవడం తెలివైన ఉపాయంలా కనిపిస్తుంది గాని, ఆ డబ్బు బహుమతి నిధిలో కలిసిందన్న మాట ఒక్కటి పుడితే దానికి జవాబు చెప్పుకోవడం కష్టం. హాజరును డబ్బుతో కాక పైన చెప్పిన స్థానాల నియమంతో కాపాడుకోవాలి. కిల్‌కు (ఎదుటి ఆటగాడిని పడగొట్టినందుకు) ఇంత అని పందెం కట్టే గ్రూపులు లీగు పేరుతో నడవకుండా చూడాలి; అలా కట్టిన ఆటగాడిని సీజన్ నుంచి తప్పించే నియమం ఉండాలి.

బహుమతి, ఖర్చులు స్పాన్సర్ల నుంచే రావాలి. మొబైల్ దుకాణాలు, హోటళ్లు, ఇంటర్నెట్ సర్వీసు ఇచ్చే స్థానిక సంస్థలు, గేమింగ్ సెంటర్లు అడిగితే నగదో వస్తువులో ఇస్తారు. అడగకుండానే వచ్చి పెద్ద మొత్తం ఇస్తామనేవాళ్లు తరచుగా బెట్టింగ్ యాప్‌ల తరఫువాళ్లై ఉంటారు. డబ్బు ఆటలకు ప్రచారం చేసినా రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్న చట్టమిది. జెర్సీ మీద చిన్న లోగోనే కదా అన్న మాటకు లొంగకూడదు. నగదు బహుమతుల మీద పన్ను ఎలా కోయాలో సీజన్ మొదలవకముందే ఒక ఆడిటర్‌ను అడిగి, ఆ మొత్తం ఎంతో ప్రకటనలోనే రాస్తే గెలిచినవాళ్లతో తర్వాత మాట పట్టింపు రాదు.

నమోదు, రోస్టర్

గూగుల్ ఫారంలో జట్టు పేరు, ఊరు, ఆరుగురి ఆటలోని పేర్లు, వారి ఐడీ నంబర్లు, పుట్టిన సంవత్సరం, కెప్టెన్ ఫోను నంబరు తీసుకుంటే చాలు. ఆటలోని పేరును ఎవరైనా ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఐడీ నంబరు మారదు. కాబట్టి గుర్తింపు అంతా ఆ నంబరు మీదే నిలబడాలి. ఆధార్ కాపీలు పోగుచేయవద్దు. 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. కెప్టెన్ చేత సరే అనిపించుకోవడం సమ్మతి కాదు. ఆ ఇంటికి ఫోను చేసి తండ్రితోనో తల్లితోనో మాట్లాడి, సంతకం చేసిన కాగితం తీసుకోవాలి. ఆ ఫోను వల్ల ఇంకో లాభం ఉంది. మంగళ, గురు, శనివారాల్లో రెండు రోజులు, రెండేసి గంటలు మాత్రమే ఆట అని ఇంట్లో తెలిసినప్పుడు, పిల్లవాడి చేతిలోంచి మ్యాచ్ మధ్యలో ఫోను లాక్కోవడం తగ్గుతుంది.

ఆటగాళ్ల ఫోను నంబర్లు ఒకరికొకరు కనిపించే వాట్సాప్ గ్రూపు పెట్టకూడదు. అమ్మాయిలు ఆడే లీగులో ఇది మరీ ముఖ్యం. మ్యాచ్ అయిన పది నిమిషాలకే తెలియని నంబర్ల నుంచి సందేశాలు మొదలైతే ఆ ఆటగాళ్లు రెండో వారం ఉండరు. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ప్రతి జట్టుకూ ఒక గదీ, ప్రకటనలకు ఒక గదీ, ఫిర్యాదులకు ఒక గదీ పెట్టి, ఫోను నంబర్లు నిర్వాహకుల దగ్గరే ఉంచాలి.

మ్యాచ్ రాత్రి

ఎనిమిది గంటలకు డిస్కార్డ్‌లో హాజరు. కెప్టెన్ తన గదిలో ఆ రాత్రి ఆడే నలుగురి పేర్లూ రాయాలి. 8:10 తర్వాత మార్పు ఉండదు. 8:15కు రూమ్ ఐడీ, పాస్‌వర్డ్, స్లాట్ల (లాబీలో ఏ జట్టు ఎక్కడ కూర్చోవాలన్న) జాబితా జట్ల గదుల్లో విడివిడిగా వేస్తారు. కాపలా ఇక్కడే కావాలి. స్లాట్ 7లో నర్సంపేట జట్టు కూర్చోవాల్సి ఉంటే, అక్కడ కనిపించే నాలుగు పేర్లనూ ఒక నిర్వాహకుడు చదువుతాడు, మరొకరు షీట్‌లోని ఐడీ నంబర్లతో సరిచూస్తారు. పేరు ముందున్న జట్టు గుర్తు ఒకటే అయినా నంబరు వేరైతే ఆ ఆటగాడిని గది నుంచి తీసేయాలి. 16 జట్లను ఇలా చూడటానికి పది నిమిషాలు పడుతుంది, అందుకే 8:15 అన్నది వెనక్కి జరగకూడదు. 8:25కు పాస్‌వర్డ్ మారుస్తారు. 8:30కు మ్యాచ్ మొదలు.

సరిగ్గా 8:28కి ఒక సందేశం వస్తుంది: "అన్నా, మా దిక్కు కరెంటు వోయింది, జర పది నిమిషాలు ఆగున్రి." ఇలాంటిది రాని రాత్రి ఉండదు. అడిగినవాడు అబద్ధం చెప్పడం లేదు, తెలిసినవాడే, మంచివాడే. కానీ అతని కోసం ఆగితే తక్కిన 60 మంది ఆగాలి, వచ్చే వారం ఇంకొకరికి ఆగనంటే పక్షపాతమవుతుంది. అందువల్ల ఒక్కో రాత్రి మొదటి మ్యాచ్‌కు ముందు ఐదు నిమిషాల ఆలస్యం ఒక్కసారే, అదీ ఎవరు అడిగినా సరే, అని రాసి ఉంచితే నిర్వాహకుడు 'లేదు' అనాల్సిన పని ఉండదు, నియమమే చెబుతుంది. ఇంట్లో రౌటర్ ఆగిపోతే వెంటనే మారడానికి వీలుగా ఫోనులో వేరే కంపెనీ సిమ్ కూడా పెట్టుకోవాలనీ, ఛార్జింగు ఎనిమిదింటికే నిండుగా ఉండాలనీ కెప్టెన్లకు చెప్పాలి. కొన్ని కాలేజీ హాస్టళ్ల వైఫైలో ఆటల సర్వర్లు తెరుచుకోవు. హాస్టల్ జట్లు మొదటి వారానికి ముందే ఒక ప్రయోగ మ్యాచ్ ఆడి చూసుకోవాలి.

మ్యాచ్ మొదలయ్యాక ఒక జట్టు నెట్ పోయినంత మాత్రాన రీమ్యాచ్ ఇవ్వకూడదు. మొదటి జోన్ (మ్యాచ్ సాగేకొద్దీ కుంచించుకుపోయే ఆట ప్రాంతం) మూతపడటానికి ముందే లాబీలో నాలుగో వంతు మంది, అంటే 16 మందో అంతకన్నా ఎక్కువమందో ఒకేసారి బయటపడితే మాత్రం అది సర్వర్ సమస్యగా లెక్కించి మళ్లీ ఆడించాలి. ఈ అంకె 16 కాక 12 అయినా నష్టం లేదు. ఏదో ఒక అంకె ముందే ఉండటం ముఖ్యం.

ఫలితాల తెర ఒక ఫోను స్క్రీన్‌లో పట్టదు. రెండో మూడో స్క్రీన్‌షాట్లు తీసేటప్పుడు, మొదటిదాని చివరి జట్టు రెండోదాని పైన మళ్లీ కనిపించేలా తీయాలి. లేకపోతే మధ్యలో ఒక జట్టు జారిపోయి, అర్ధరాత్రి దాని కెప్టెన్ ఫోను చేస్తాడు. ఒకరు బిగ్గరగా చదవాలి, ఇంకొకరు షీట్‌లో ఎక్కించాలి. ఒక్కరే చూస్తూ టైపు చేస్తే ఆరో స్థానం కిల్స్ ఏడో స్థానం గడిలో పడటం ఖాయం.

పాయింట్లు, సమానమైతే

సొంతంగా పాయింట్ల పద్ధతి కనిపెట్టవద్దు. బీజీఎంఐ అధికారిక పోటీల్లో వాడుకలో ఉన్నది మొదటి స్థానానికి 10, ఆపై వరుసగా 6, 5, 4, 3, 2, 1, 1; తొమ్మిది నుంచి 16 దాకా సున్నా. ప్రతి కిల్‌కు ఒక పాయింటు. ఫ్రీ ఫైర్‌లో 12 జట్లతో ఆడేటప్పుడు బూయాకు, అంటే మొదటి స్థానానికి 12, తర్వాత 9, 8, 7 అని దిగుతుంది. ఆటగాళ్లకు ఈ లెక్కలు నోటికి వచ్చు, ఆట మధ్యలో దాన్ని బట్టే ఎదురెళ్లాలా దాక్కోవాలా అని నిర్ణయించుకుంటారు.

ఈ పద్ధతిలో పాయింట్లు తేలిగ్గా సమానమవుతాయి. రెండు కిల్స్‌తో చికెన్ డిన్నర్ (మొదటి స్థానం) కొట్టిన కాజీపేట జట్టుకు 10కి 2 కలిపి 12 వస్తాయి. మూడో స్థానంలో ఆగినా ఏడు కిల్స్ చేసిన గోదావరిఖని జట్టుకు 5కు 7 కలిపి అవే 12. ఆరు వారాల చివర రెండు జట్లు ఇలా ఒకే మొత్తం దగ్గర నిలిస్తే ముందుగా చికెన్ డిన్నర్ల సంఖ్య, అదీ సమానమైతే స్థానాల పాయింట్ల మొత్తం, ఆ తర్వాత కిల్స్, చివరగా ఆఖరి మ్యాచ్‌లో ఎవరు పైన నిలిచారన్నది చూడాలి. ఈ వరుసను మొదటి వారమే ప్రకటించాలి. మూడు, నాలుగు స్థానాల్లో ఎవరున్నారో తెలిసిన తర్వాత చెప్పే ఏ వరుసనైనా ఒక జట్టు కుట్రగానే చూస్తుంది.

ప్రతి రాత్రీ 11:30 లోపు తాత్కాలిక పట్టిక వేసి, మర్నాడు మధ్యాహ్నం 12 వరకు అభ్యంతరాలు తీసుకుని, ఆపైన అధికారిక పట్టికను ఖరారు చేయాలి. పట్టిక రాని రాత్రి ఆటగాళ్లలో ఉత్సాహం సగం చస్తుంది.

ఫిర్యాదులు

లీగులు బహుమతి తక్కువై కూలిపోవు, తీర్పు ఆలస్యమై కూలిపోతాయి. వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా నాలుగు రకాలు: హ్యాక్ వాడారని, ఫోనుకు బదులు కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (ఫోను ఆటలను కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఆడారని, రెండు జట్లు కూడబలుక్కుని ఒకరినొకరు కాల్చుకోలేదని, ఒకరి ఐడీ మీద బయటి ఆటగాడు కూర్చున్నాడని. మొదటి రెండింటికీ ఆటగాడి స్క్రీన్ రికార్డింగే ఆధారం కాబట్టి, ఆడే నలుగురూ మ్యాచ్ మొత్తం రికార్డు చేసి 48 గంటలు దాచాలన్నది నియమంగా ఉండాలి. అడిగినప్పుడు రికార్డింగు లేదంటే ఆ మ్యాచ్ పాయింట్లు పోతాయి. ఫోనులో ఖాళీ జాగా లేదన్న సాకు మొదటి వారం వరకే చెల్లుతుంది. నాలుగో రకానికి మందు హ్యాండ్‌క్యామ్, అంటే చేతులూ స్క్రీనూ కలిసి కనిపించేలా రెండో ఫోనుతో తీసిన వీడియో. అనుమానం వచ్చిన ఆటగాడిని తర్వాతి మ్యాచ్‌కు అది పెట్టమనాలి. జట్లు కుమ్మక్కయ్యాయన్నది తేల్చడం అన్నిటికన్నా కష్టం. ఒక్క మ్యాచ్ చూసి తీర్పు చెప్పకూడదు. ఆ రెండు జట్లూ ఎన్ని మ్యాచ్‌ల్లో ఎదురుపడ్డాయో, ఎదురుపడినప్పుడు ఏం చేశాయో స్పెక్టేటర్ (ఆడకుండా మ్యాచ్ చూసేవారి) రికార్డింగుల్లో వరుసగా చూడాలి.

తీర్పు చెప్పేది ముగ్గురు సభ్యుల సంఘం కావాలి, ఆ ముగ్గురిలో ఎవరూ ఏ జట్టులోనూ ఆడకూడదు. మన దగ్గర ప్రతివాడికీ ఇంకొకడు బావో, క్లాస్‌మేటో, పక్క వాడవాడో అవుతాడు. తన ఊరి జట్టు విషయం వచ్చినప్పుడు ఆ సభ్యుడు పక్కకు జరిగి, నాలుగో వ్యక్తి కూర్చోవాలి. ఫిర్యాదు రాతలో రావాలి, ఆరోపణ ఎదుర్కొంటున్న జట్టు మాట వినాలి, 48 గంటల్లో తీర్పు కారణంతో సహా రాయాలి. తీర్పు రాకముందు ఆరోపణ పడినవారి పేరు ప్రకటనల గదిలో కనిపించకూడదు, ముఖ్యంగా అతను మైనరైతే. అప్పీలు ఒక్కసారే. వాయిస్ చాట్‌లో బూతులు, కులం మీదో అమ్మాయిల మీదో నోరు జారడం వంటివాటికి ఆధారం దొరికితే అప్పీలు కూడా అక్కర్లేదు. మొదటిసారి ఒక రాత్రి నిషేధం, రెండోసారి సీజన్ నిషేధం.

ప్రసారం

ప్రసారం లేకపోయినా లీగు నడుస్తుంది. మొదటి రెండు వారాలు లేకుండా నడపమనే చెబుతాను. పెట్టదలచుకుంటే ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో అనే ప్రసార సాఫ్ట్‌వేర్ చాలు. యూట్యూబ్ కొత్త ఛానెల్‌లో లైవ్ సదుపాయం తెరుచుకోవడానికి 24 గంటలు పట్టవచ్చు కాబట్టి మ్యాచ్ రోజు సాయంత్రం ఖాతా తెరవకూడదు. ప్రసారాన్ని కనీసం ఐదు నిమిషాలు ఆలస్యంగా పంపాలి, లేదంటే చూస్తూనే ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలుసుకుని ఆడతారు. సినిమా పాటలు వెనక వేయవద్దు. కాపీరైట్ దెబ్బకు వీడియో పోతుంది. వ్యాఖ్యానం మాత్రం మన యాసలో, నలుగురు ఇంట్లో మాట్లాడుకునే తీరులో ఉండాలి, చూసేవాళ్లు అప్పుడే నిలుస్తారు. పట్టికలో కింద ఉన్న జట్టు చేసిన మంచి పోరాటాన్ని కూడా రీప్లే వేయమని వ్యాఖ్యాతకు గుర్తుచేయాలి.

ఫైనల్, చెల్లింపులు

చివరి రోజు పై 16 జట్లను ఒకచోట చేర్చి ఆడించాలనుకుంటే కాజీపేట, హనుమకొండ పరిసరాలే సరైన చోటు. మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి, జనగామ, మహబూబాబాద్ జట్లకు కాజీపేట, వరంగల్ స్టేషన్లకు రైళ్లున్నాయి. నిర్మల్‌కు రైలు లేదు, అక్కడివాళ్లు బస్సులోనే రావాలి. అందువల్ల ఆట ఉదయం పదింటికి మొదలై సాయంత్రం నాలుగున్నరకు ముగిసేలా చూడాలి, మైనర్లతో ఒక పెద్దమనిషి తప్పనిసరిగా రావాలి. హాలులో 64 ఫోన్లు ఒకే వైఫై మీద పడితే ఎలా ఉంటుందో ముందురోజే పరీక్షించి, నాలుగైదు జట్లకొక కనెక్షన్ చొప్పున విడదీయాలి. జనరేటర్ లేని హాలు తీసుకోవద్దు.

బహుమతి డబ్బు వేదిక మీద కవరులో ఇవ్వడం ఫొటోకు బాగుంటుంది గాని, లెక్కకు బ్యాంకు బదిలీయే మేలు. కెప్టెన్ ఖాతాకు పంపేటట్లయితే మిగతా ఆటగాళ్ల లిఖిత అంగీకారం ఉండాలి, మైనర్ల వాటా తల్లిదండ్రుల ఖాతాకే వెళ్లాలి. పదిహేను రోజుల్లో చెల్లించి, వచ్చిన స్పాన్సర్ సొమ్మెంత, హాలుకెంత, బహుమతులకెంత అన్న లెక్కను జట్లన్నిటికీ పంపాలి. అడుగున నిలిచిన నాలుగు జట్లకూ నిరీక్షణ జాబితాలోని నాలుగు జట్లకూ మధ్య స్థానాల పోటీని ఫైనల్ తర్వాతి శనివారమే పెట్టి, తర్వాతి సీజన్‌లో ఎవరికి చోటుందో ఆ రాత్రి పట్టికతో పాటే ప్రకటించాలి.